తొంభై నాలుగు మార్కుల పీచు

"ఇది నా పీచు కాదు," అంది చెల్లెలు మూడోసారి. ఈసారి బల్ల మీద చెయ్యి చరిచి మరీ అంది.

అన్న చేతిలోని టీ గ్లాసు తొణికింది. "వందకి తొంభై నాలుగు వచ్చాయని ఏడ్చే మనిషిని నిన్నే చూశాను. పరీక్ష తప్పితే ఏడుస్తారు గానీ పాసైతే కాదమ్మా, థర్మామీటరూ!"

"ఆ పేరుతో పిలవొద్దన్నాను."

"సరే, ఇంజనీరుగారూ. తమరు ఏడాదిన్నరగా కాపలా కాస్తున్న బట్టీ నెగ్గింది. బస్సు సీట్ల కంపెనీవాళ్ళు నాలుగింటికి వస్తున్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టి, ఈ ఒక్క పూటా నవ్వండి. రేపట్నించి మళ్ళీ ముఖం మాడ్చుకుందురుగాని."

రిపోర్టు బల్ల మీద పడి ఉంది. ఒకే ఒక్క కాగితం. పాతబడిన గాలిమర రెక్కల్ని కోసి, ముక్కలు చేసి, వాటిలోని జిగురును బట్టీలో కాల్చేస్తే చివరికి గాజు పీచు మిగులుతుంది. అలా మిగిలిన పీచు ఎంత బలం నిలుపుకొందో తేల్చుకోవటానికి పది రోజుల కిందట ఈ ఇంటి నుంచి రెండు కిలోల శాంపిల్ సంచి వెళ్ళింది. దానికి సీట్ల కంపెనీ ప్రయోగశాల పంపిన జవాబు అది. కొత్త పీచు బలం వంద అనుకుంటే దీని బలం తొంభై నాలుగు. కంపెనీ అడిగింది డెబ్భై మాత్రమే.

సంతోషంగా ఉన్న ఇంట్లో రుజువు అడిగే మనిషికి మర్యాద దక్కదు. చెల్లెలికి ఆ సంగతి తెలుసు. అయినా అడుగుతోంది.

"నేను కొలిచిన ప్రతిసారీ నలభై ఆరో, నలభై ఎనిమిదో వచ్చింది. ఒకే ఒక్కసారి యాభై ఒకటి. అంత వేడి తగిలాక గాజు బలం సగానికి పడిపోతుంది అన్నయ్యా. అది బట్టీ తప్పు కాదు, నా తప్పూ కాదు, గాజు అంతే. పుస్తకంలో తేదీలతో సహా రాశాను. మన షెడ్డులో నలభై ఎనిమిది ఉన్న పీచు వాళ్ళ ఊరెళ్ళి తొంభై నాలుగెలా అయింది? దారిలో టానిక్ తాగిందా?"

"వాళ్ళ మిషన్లు మంచివేమో."

"మిషను కొలుస్తుంది. బలం పొయ్యదు."

బల్లకి ఆ చివర వాళ్ళ నాన్న కోతరంపం పళ్ళకు ఆకురాయి పెడుతున్నాడు. ముప్పై ఐదేళ్ళు ఫైబర్ పడవలు చేసిన మనిషి. అందరూ పడవల మేస్త్రి అనే అంటారు. కోపమొస్తే కొడుకూ అలాగే అంటాడు. కూతురి బట్టీ కోసం రెండేళ్ళ కిందట పడవల కార్ఖానా మూసేసి, అచ్చులన్నీ అమ్మేశాడు. కొత్త పీచు బట్ట చుట్టలు రెండు మాత్రం, ఎవరెంత అడిగినా ఇవ్వకుండా, అటక మీద దాచుకున్నాడు.

ఆ బల్ల ఆయన చేతిదే. పడవ అడుగుకి పోసే ఫైబర్ పలకే, కింద నాలుగు ఇనప కాళ్ళు. మధ్యలో ఒకసారి పగిలితే చదరంగా మాటు వేశాడు. ఆ ఇంట్లో పగిలిన ప్రతిదానికీ అదే కొలత మాటు. నీళ్ళ ట్యాంకుకి, స్నానాలగది తలుపుకి, ఆఖరికి బకెట్టుకి కూడా. మేస్త్రి స్కేలు ముట్టడు. పీచు బట్ట మీద కుడి చెయ్యి పరిచి, చేతి వెడల్పుకి కత్తిరిస్తాడు. ఉంగరపు వేలు ఎప్పుడో రంపానికి పోయింది కనుక ఆయన బెత్తెడు ఇంకెవరి బెత్తెడుకీ సరిపోలదు. పిల్లలిద్దరూ చిన్నప్పుడు ఆ మాటుల్ని 'మూడువేళ్ళ ముద్రలు' అనేవారు.

"గొడవ పడకండి," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. ఆకురాయి గీసుకుంటూనే ఉంది.

చెల్లెలు లేచి వెళ్ళి రెండు పొట్లాలు తెచ్చింది. ఒకటి, పరీక్ష కాగా మిగిలిన శాంపిల్‌ను కంపెనీ సీలు వేసి తిప్పి పంపినది. రెండోది, నిన్న సాయంత్రం ఆమె తన బట్టీలోంచి స్వయంగా తీసినది. రెండూ బూడిద రంగు పీచులే. పక్కపక్కన పెడితే పెద్ద తేడా కనిపించదు. వంటింట్లోంచి రెండు స్టీలు గిన్నెలు తెచ్చి నీళ్ళు పోసింది.

"అయ్యో, ఆ గిన్నెల్లోనా!" వదిన వంటింటి గుమ్మంలోంచి అరిచింది. "నీకేమైనా మతి పోయిందా? షెడ్డు బట్టలకి వేరే బకెట్టు, వేరే దండెం పెట్టి చస్తున్నాను నేను. ఒక్క పోగు కలిస్తే ఇంటిల్లిపాదీ రెండు రోజులు గోక్కుంటాం. ఇప్పుడు ఆ గిన్నెల్లో ఎవరు తింటారు?"

"నేను తింటాలే వదినా. ఒక్క నిమిషం."

"తినేదానివి నువ్వు, గోక్కునేది మేమూ!"

చెల్లెలు తన బట్టీ పీచుని మొదటి గిన్నెలో వేసి పుల్లతో తిప్పింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. పీచు బూడిద రంగులోనే ఉంది. రెండో గిన్నెలో శాంపిల్ పీచు వేసి తిప్పింది. నాలుగు తిప్పులకే నీళ్ళు నల్లబడ్డాయి. నల్లటి నీళ్ళలోంచి పుల్లకి చుట్టుకుని పైకి వచ్చిన పోగులు తెల్లగా, నున్నగా, తలస్నానం చేసిన జుట్టులా మెరిశాయి.

వదిన గుమ్మంలోంచి మెడ సాచి చూసింది.

"బట్టీలో కాలినప్పుడు పట్టిన మసి పీచుని కరిచిపెట్టుకుని ఉంటుంది. నీళ్ళకి వదలదు," అంది చెల్లెలు. "ఇది పైన పూసిన మసి. లోపలిది కొత్త పీచు. వేడి ముఖం ఎరగనిది. సంచి మూతికి నేను సంతకం చేసి కట్టిన చీటీ అలాగే ఉంచి, లోపలి సరుకు మార్చారు. నా సంతకం కింద! ఎవరు చేశారిది?"

అన్న గ్లాసు కింద పెట్టాడు. ఒకసారి బల్ల ఆ చివరికి చూశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"నేనే. అయితే?"

"అయితేనా?"

"అవును, అయితే ఏంటట? నీ నలభై ఎనిమిది పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెడితే టీ కూడా ఇచ్చేవాళ్ళు కాదు. నీకు పోగుల లెక్కలు తెలుసు. బజారు తెలీదు. కొత్త గాజు పీచు దేంతో చేస్తారు?"

"చిన్నపిల్లని అడిగినట్టు అడక్కు."

"చెప్పు! దేంతో?"

"ఇసుకతో."

"ఇసుకతో! మనం పోటీ పడుతున్నది ఇసుకతోనమ్మా!" అన్న కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఒక్కో రెక్క యాభై మీటర్లు. దాన్ని కదపాలంటే పొడుగు లారీ. కొయ్యాలంటే వజ్రపు రంపం. ముక్కలు చెయ్యాలంటే కరెంటు, కాల్చాలంటే గ్యాసు. ఇంతా చేస్తే వచ్చేది సగం బలం పీచు. కిలో తయారీకి కొత్తదాని మీద ఒకటిన్నర రెట్లు ఖర్చు. సగం సరుకు, ఒకటిన్నర ధర. ఏ పిచ్చోడు కొంటాడో చెప్పు, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"రెక్కలు తీసుకెళ్ళినందుకు గాలిమరలవాళ్ళు మనకి డబ్బిస్తున్నారుగా."

"గొయ్యి తవ్వి పూడ్చేవాడు అందులో సగానికే తీసుకెళ్తున్నాడు! మొన్న మూడు రెక్కలు వాడి గోతిలోకే పోయాయి. గొయ్యికి ఇంజనీరు అక్కర్లేదు, గ్యాసక్కర్లేదు. పైన మట్టి కప్పి చేతులు దులుపుకుంటాడు."

"అందుకే బలం అక్కర్లేనిచోట అమ్ముదామన్నాను. కాలవ మూతలు, పార్కు బెంచీలు..."

"కాలవ మూతకి సీటు ధర ఎవడిస్తాడు?"

"కార్బన్ పీచు పట్టీలున్న రెక్కలు వెతుకుదామన్నాను. కొత్త కార్బన్ ఖరీదు ఎక్కువ కాబట్టి పాతది తీసినా గిట్టుతుంది. గాజుకి గిట్టనిది దానికి గిట్టుతుంది. కాగితం మీద వేసి చూపించాను నీకు."

"ఆ రెక్కలు పాతబడి మన గేటు దాకా రావటానికి ఇంకో పదేళ్ళు. అందాకా ఏం చేద్దాం, గాలి భోంచేద్దామా?"

వదినకి నవ్వు రాబోయి, ఆగిపోయింది.

చెల్లెలు నవ్వలేదు. "సీటు వీపు పలకలో వేస్తారు మన పీచు. బస్సు గట్టిగా బ్రేకు కొడితే, ఆ పలక మీదికి వెనకసీటు మనిషి ముఖం వచ్చి పడుతుంది. వాళ్ళు డెబ్భై అడిగింది సరదాకి కాదు."

"నాలుగో వంతే కలుపుతారు. మిగతాదంతా కొత్తదే. ఏం కాదు."

"ఏం కాదని కొలిచావా?"

అన్న టీ గ్లాసుని బల్ల మీద పక్కకి జరిపాడు.

"కొలిచావా అని అడుగుతున్నాను. ఎన్ని పలకలు పోశావు? ఎన్ని విరిచావు? 'ఏం కాదు' అనేది ఒక కొలత అనుకుంటున్నావా నువ్వు?"

"నీతో మాట్లాడటం కంటే రెక్క కింద పడుకోవటం నయం!"

ఆమె అలమరలోంచి సంస్థ పేరున్న కాగితం తీసింది. నిలబడే రాయటం మొదలుపెట్టింది. రాస్తూ పైకి చదివింది, ఒక్కో మాటా మేకు కొట్టినట్టు. "మీకు అందిన శాంపిల్ మా బట్టీ నుంచి వచ్చినది కాదు. చీటీ మీది సంతకం నాది. సంచిలోని సరుకు నాది కాదు. మా బట్టీ పీచు బలం నలభై ఎనిమిది. దీన్ని మార్చినవారు మా సంస్థ మేనేజరు..."

"రాయి," అన్నాడు అన్న. "మేనేజర్ని నేనేగా, బాగా రాయి. సీట్ల కంపెనీ ఊరుకుంటుందనుకోకు. నాలుగు చోట్ల చెబుతుంది. ఆ తర్వాత నన్ను ఏ గేటులోకీ రానివ్వరు. బట్టీ మూసుకుని నువ్వు నీ నిజాయితీని ఫ్రేము కట్టించుకో."

"రాయకపోతే, రేపటి నుంచి నా సంతకమే అబద్ధం. నేను పాతికేళ్ళు చదివి, కాలి, కొలిచి సంపాదించుకున్నది ఈ సంతకం ఒక్కటే. దాన్ని నువ్వు సంచి మూతికి కట్టే తాడు చేశావు."

"గొడవ పడకండి," అన్నాడు మేస్త్రి మళ్ళీ.

"నువ్వు ఊరుకో నాన్నా!" ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ ఒక్క విషయంలోనే ఆ పూట వాళ్ళిద్దరికీ మాట కలిసింది.

అప్పుడు వదిన గుమ్మం వదిలి బల్ల దగ్గరికి వచ్చింది. ఆడపడుచు ఎదురుగా నిలబడి, మొగుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, చొక్కా చేతిని మోచేయి దాకా పైకి లాగింది.

"అంత కొలిచేదానివి, ఇది కూడా చూసి రాయి."

"ఏయ్, వదులు," అన్నాడు అన్న.

"ఈయనకి గాజు పడదు. ఒక్క పోగు తగిలినా మోచేతుల దాకా బొబ్బలెక్కి, నెల రోజులు మందు రాయాలి. రాసేది నేను. ఆరేళ్ళ నుంచి పడవల షెడ్డు గానీ, బట్టీ షెడ్డు గానీ గడప తొక్కలేదు ఈ మనిషి. నీకూ తెలుసు. కోపంలో మర్చిపోయావు. రెండు కిలోల పీచు కత్తిరించి, మసి పూసి, సంచిలో కుక్కినవాడి చేతులా ఇవి?"

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు అన్న. కానీ ఆ మాటలో అరుపు లేదు. పొద్దుటి నుంచి మొదటిసారి అతని గొంతు తగ్గింది.

అరిచినంతసేపూ అతను చెప్పింది నమ్మిన చెల్లెలు, ఆ తగ్గిన గొంతు దగ్గర ఆగింది.

అతని చేతులు చూసింది. నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా ఎరుపు లేదు. బొబ్బలేవీ, మానిన మచ్చలేవీ లేవు. పది రోజుల్లో మానేవి కావవి.

నల్లనీళ్ళ గిన్నెలోంచి మూడు పోగులు తీసి అరచేతిలో పరుచుకుంది. ఇందాక రంగు చూసిన తొందరలో పొడవు చూడలేదు. ముక్కల మిషనులోంచి వచ్చే పీచు ఒకటి గోరంత ఉంటే ఇంకొకటి వేలంత ఉంటుంది. ఏ రెండు పోగులూ ఒక్కలా ఉండవు. ఈ మూడూ ఒకే పొడవు. ఇంకో మూడు తీసింది. అవీ అంతే. బజారులో ముక్కలుగా కొన్నదైతే ఇంత పొడవు దొరకదు. ఎవరో బట్ట పరిచి, కొలత పెట్టి కత్తిరించారు.

స్కేలు కోసం లేవబోయి, ఆగింది.

బల్ల మధ్యలో మాటు ఉంది. తడి పోగునొకదాన్ని తీసుకెళ్ళి ఆ మాటు మీద, ఈ అంచు నుంచి ఆ అంచుకి పరిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. రెండోది పరిచింది. మూడోది పరిచింది.

ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

ఆ చప్పుడు పొద్దుటి నుంచి ఉందని, ఆగాక గానీ ఎవరికీ తెలియలేదు.

"నాన్నా," అంది చెల్లెలు.

మేస్త్రి రంపం పక్కన పెట్టాడు. ఒళ్ళో పడ్డ ఇనపరజను దులుపుకున్నాడు. అందుకు కావలసిన దానికంటే చాలా ఎక్కువసేపు దులుపుకున్నాడు.

"నువ్వు కట్టిన సంచి ఆ రాత్రి విప్పాను," అన్నాడు చివరికి. "నీ పీచు వేళ్ళ మధ్య పెట్టి నలిపాను. పుటుక్కుమంది. పడవకైతే నేను ముట్టేది కాదు దాన్ని. పొద్దున్నే నీతో చెబుదామని షెడ్డుకొచ్చాను. నువ్వు బట్టీ ముందు నిలబడి చెమట తుడుచుకుంటున్నావు. నోరు రాలేదు."

"పుటుక్కుమంటుందని నాకు తెలియదా! నలభై ఎనిమిదని పుస్తకంలో రాసుకున్నది ఎవరు? అదే వాళ్ళకి చెప్పబోయాను. నలభై ఎనిమిది ఉన్న పీచుకి ఏ పని దొరుకుతుందో అడగబోయాను. నీకెవరు చెప్పారు నాకు తొంభై నాలుగు కావాలని?"

"చెబితే వాళ్ళు వచ్చేవాళ్ళా?"

"రాకపోతే రారు!"

"అలా అనకమ్మా." మేస్త్రి గొంతులో ఇప్పుడు వేడి పుట్టింది. "నీకు తేలిగ్గా ఉంది. ఎనిమిది వందల పడవలు పోశాను ఈ చేతుల్తో. ఒక్కటీ కుళ్ళదు. కుళ్ళదనే అమ్మాను, అదే గొప్పనుకున్నాను. ఇవాళ ఏ ఒడ్డున చూసినా బోర్లా పడి ఉన్నాయి. కాలిస్తే విషప్పొగ. పాతిపెడితే మట్టి తినదు. నా చేతి పని నాకంటే ముందు చావదు, నా తర్వాతా చావదు. నీ బట్టీ ఒక్కటే వాటిని తినగలదు. అది ఆరిపోకూడదనుకున్నాను. అంతకంటే ఏం ఆలోచించలేదు."

"ఆ పడవలు తినాలంటే బట్టీ నిజంగా గిట్టాలి నాన్నా. అబద్ధం మీద ఎన్నాళ్ళు మండుతుంది? మొదటి లారీ సరుకు వెళ్ళగానే వాళ్ళు మళ్ళీ కొలవరా? అప్పుడు అటక మీది చుట్టలు దించి లారీ నింపుతావా?"

మేస్త్రి అటక వైపు చూశాడు. దానికి ఆయన దగ్గర కొలత లేదు.

"అది సరే," ఆమె గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. అరుపు కంటే అది ఘోరంగా వినిపించింది. "ఇందాకట్నించి అన్నయ్య నీ తప్పు నెత్తిన వేసుకుని నా చేత తిట్లు తింటున్నాడు. నేను వాణ్ణి దొంగని చేసి కాగితం మీద పెడుతున్నాను. నువ్వు ఇక్కడే కూచుని రంపానికి పదును పెట్టుకుంటున్నావా?"

మేస్త్రి తల దించుకున్నాడు.

"వదిలెయ్," అన్నాడు అన్న. "సంచి బండెక్కాక చెప్పాడు నాకు. అప్పుడే ఆపాల్సింది. ఆపలేదు. కాబట్టి అబద్ధంలో నా వాటా నాకుంది. ఆయన్ని లాగకు."

"అయితే ఆ తిట్లన్నీ ఎందుకు తిన్నావు?"

"తినటం అలవాటేగా, నీ చేతి తిట్లు." నవ్వబోయాడు. కుదరలేదు. అతను ఆ ఉత్తరం కాగితాన్ని ఒక్క వేలితో ఆమె ముందుకి జరిపాడు. "నాలుగు కావస్తోంది. ఆ మేనేజరు అన్నది కొట్టెయ్. ఎవరు మార్చారో అక్కడ సరిగ్గా రాయి."

ఆమె కలం తీసుకుంది. 'మేనేజరు' అన్న మాట మీద గీత గీసింది. దాని పక్కన ఖాళీ ఉంది. కలం మొన ఆ ఖాళీ మీద ఆగింది.

"రాయి," అన్నాడు అన్న. "ఏం, ఇందాక నాదైతే చెయ్యి వణకలేదుగా?"

వీధిలో కారు ఆగిన చప్పుడు. తలుపు తెరిచి, మూసిన చప్పుడు. వదిన కిటికీలోంచి చూసి, "వాళ్ళే," అంది.

మేస్త్రి కుర్చీలోంచి ముందుకి వంగి, కుడి చెయ్యి చాపి ఆ కాగితం మీద పరిచాడు. పీచు బట్ట మీద పరిచినట్టే, నిదానంగా, వేళ్ళు దగ్గరికి చేర్చి. కొట్టేసిన మాటా, పక్కనున్న ఖాళీ రెండూ ఆ మూడు వేళ్ళ కింద సరిగ్గా ఇమిడిపోయాయి.

గేటు గంట మోగింది.

"చెయ్యి తియ్యి నాన్నా," అంది ఆమె.

ఆయన తియ్యలేదు. గంట రెండోసారి మోగింది.